రెండో చెవి కూడా మాదే

“ఆడవాళ్ళు ఇలాంటివి వినరండీ” అన్నారాయన. కోపంగా కాదు, ఎగతాళిగానూ కాదు. చాలా మర్యాదగా, ఎప్పుడో రుజువైపోయిన విషయం చెబుతున్నట్టు అన్నారు. లబ్బీపేటలో వాళ్ళ ఇల్లు. హాల్లో ఒక గోడ పొడుగునా ఎల్పీ రికార్డులు. కింగ్ క్రిమ్సన్, యెస్, పింక్ ఫ్లాయిడ్, జెథ్రో టల్, జెనెసిస్. నలభై ఏళ్ళుగా పోగుచేశారట. మేం కూర్చున్న గంటన్నరలో ఆయన భార్య రెండుసార్లు కాఫీ తెచ్చారు, ఒకసారి ఫోనెత్తారు, ఒకసారి గేటు దగ్గరికి వెళ్ళి కొరియర్ తీసుకున్నారు. ఒక్కసారి కూడా కూర్చోలేదు. “మా ఆవిడకి వీటిమీద ఆసక్తి లేదు” అన్నారాయన, ఆమె ఖాళీ కప్పులు పట్టుకుని లోపలికి వెళ్తుంటే.

ఆ మాటకి అక్కడే జవాబు చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంటికొచ్చాక అనిపించింది, ఇది ఆయనొక్కడికి చెప్పాల్సిన జవాబు కాదని.

ముందు ఆ సంగీతం సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుందాం. 1960ల చివర ఇంగ్లండులో కొందరు రాక్ వాద్యకారులకి మూడు నిమిషాల పాట చాలకుండా పోయింది. ఎల్పీ రికార్డుకి ఒక్కో పక్క సుమారు ఇరవై నిమిషాలుంటుంది కదా, ఆ పక్కంతా ఒకే రచన ఎందుకు కాకూడదనుకున్నారు. కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బం 1969లో వచ్చింది. 1971లో పింక్ ఫ్లాయిడ్ ‘ఎకోస్’ ఇరవై మూడు నిమిషాలు దాటింది. 1972లో యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పద్ధెనిమిది నిమిషాలు దాటింది. అదే ఏడు జెథ్రో టల్ ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ అని రెండు పక్కలా కలిపి ఒకే పాట చేసింది. దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అన్నారు. దానికి అటూ ఇటూగా మరింత సాహసం చేసినవాళ్ళని ప్రయోగవాదులన్నారు. పల్లవి వచ్చి మళ్ళీ పల్లవి వచ్చే దారి కాదిది. మొదటి నిమిషంలో విన్న ఒక చిన్న స్వరాల వరస పదిహేనో నిమిషంలో వేరే వేషంలో తిరిగొస్తుంది. మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళకి అది తిరిగొచ్చిందని తెలియదు.

ఆ చివరి వాక్యం దగ్గరే నా తగాదా అంతా ఉంది. మధ్యలో లేచి వెళ్ళకుండా వినగలిగేది ఎవరు?

మా అన్నయ్య ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, 1980ల రెండో సగంలో, వాళ్ళ హాస్టల్లో ఈ ఆల్బంలు కేసెట్ల మీద చేతులు మారేవి. ఎవరి మామయ్యో అమెరికా నుంచి తెచ్చిన ఎల్పీని ఎవరో మద్రాసులో కేసెట్‌కి ఎక్కిస్తే, దానికి కాపీ, ఆ కాపీకి కాపీ. తొంభై నిమిషాల కేసెట్ అయితే ఒక్కో పక్కన నలభై ఐదు నిమిషాలు. ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ దాదాపు నలభై మూడు నిమిషాలు. ఒక పక్కలో సరిగ్గా పట్టేది. అన్నయ్య సెలవులకి సత్యనారాయణపురం వచ్చినప్పుడు ఆ కేసెట్లు వెంట తెచ్చేవాడు. వాడు ముందు గదిలో మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని వినేవాడు. నేను వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తూ వినేదాన్ని. ఒకే ఇల్లు, ఒకే టేప్‌రికార్డరు, ఒకే కేసెట్. కానీ వాడు విన్నది ఒకటి, నేను విన్నది ఒకటి. పోపు వేసినప్పుడు ఒక అర నిమిషం, పంపులో నీళ్ళొచ్చినప్పుడు ఐదు నిమిషాలు, పాలవాడు పిలిచినప్పుడు మరో రెండు నిమిషాలు నా ఆల్బంలో లేవు.

నాకు ఆ సంగీతం ఎందుకు నచ్చింది? ఏడు లెక్క వల్ల. నేను చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. ఆ ఆల్బంలో ‘మనీ’ అని ఒక పాట. చిల్లర గలగల, నోటు చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోత, ఇవన్నీ తాళంలో ఒదిగి మొదలవుతుంది. వంటింట్లోంచి వింటూ అప్రయత్నంగా తొడమీద తాళం వేశాను. నాలుగు కాదు, ఏడు! మూడూ నాలుగూ కలిపిన మన మిశ్రచాపు లెక్క. లండన్‌లో ఎవరో కుర్రాళ్ళు డబ్బు గురించి పాడుతూ ఏడులో నడుస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గర్వమూ వచ్చింది. ముందు గదికి పరిగెత్తి, “అన్నయ్యా, ఇది ఏడురా!” అన్నాను. వాడు కళ్ళు తెరవకుండానే “ష్, సోలో వస్తోంది” అన్నాడు.

పెళ్ళయ్యాక నా సొంత డబ్బులతో నేను కొనుక్కున్న మొదటి వస్తువు ఒక వాక్‌మన్, దానికి రెండు చెవులూ పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. ఆ ఆల్బంలు రెండు చెవుల కోసం చేసినవి. ‘ఆన్ ది రన్’లో పరిగెత్తే అడుగుల చప్పుడు ఒక చెవిలోంచి రెండో చెవిలోకి దాటుతుంది. ఇన్నేళ్ళూ నేను విన్నది పక్క గదిలోంచి గోడ దాటి వచ్చిన ముద్ద మాత్రమే.

అయితే పెళ్ళయిన స్త్రీ రెండు చెవులూ మూసుకుంటే ఏమవుతుంది? అత్తవారింట్లో నాకు మొదటి వారంలోనే అర్థమైంది. ఆ ఇంట్లో నా చేతులు, నా కాళ్ళు, నా నిద్ర ఎవరికి చెందుతాయో ఎవరూ నోటితో చెప్పకుండానే తెలిసినట్టు, నా చెవులు ఎవరికి చెందుతాయో కూడా తెలిసింది. పాలు పొంగే చప్పుడు, కుక్కరు మూడో కూత, కాలింగ్ బెల్లు, మోటారు మోత, పిల్ల ఏడుపు, మామగారి దగ్గు. ఇవన్నీ ఇంట్లో అందరి చెవులకీ వినబడేవే. కానీ విని లేవాల్సింది ఒక్కరే. ఇంటిచాకిరీ గురించి మనం చాలా రాసుకున్నాం, చాలా మాట్లాడుకున్నాం. తోమడం, ఉతకడం, వండడం లెక్కపెట్టాం. ఈ నిరంతరం చెవొగ్గి ఉండటాన్ని మాత్రం లెక్కలో వెయ్యలేదు. అది పనిలా కనబడదు. కూర్చున్నప్పుడూ సాగుతుంది, నిద్రలోనూ సాగుతుంది.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో కాల వినియోగ సర్వే చేసింది. ఇంటిల్లిపాది కోసం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దేశంలో నూటికి 81 మంది అయితే, మగవాళ్ళు 26 మంది. ఆ పని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. నేను కాగితం మీద భాగించి చూశాను. 299 నిమిషాలంటే ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఏడుసార్లు. రోజూ ఏడు ఆల్బంలు! ఆ లెక్కలోనూ చేతులు పనిచేసిన నిమిషాలే ఉన్నాయి. చెవులు కాపలా కాసిన నిమిషాలు ఏ సర్వే పట్టికలోనూ లేవు.

ఇక 1998 ఏప్రిల్ సంగతి చెప్పాలి. షార్జాలో క్రికెట్ జరుగుతున్న రోజులు. హాల్లో టీవీ ముందు మా ఆయన, మరిది, మరిది స్నేహితులిద్దరు. అన్నాలు అయిపోయాయి, పిల్ల నిద్రపోయింది. నేను వెనక గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ మొదలుపెట్టాను. పద్ధెనిమిది నిమిషాలు. చివరిదాకా ఆగకుండా వినడం నాకదే మొదటిసారి. అది అయిపోయి, హెడ్‌ఫోన్లు తీసి, మంచినీళ్ళకని లేచి వెళ్తే దొడ్లో మా అత్తగారు పడిపోయి ఉన్నారు. నూతి గట్టు దగ్గర కాలు జారింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. పిలిచారట. రెండుసార్లు మా ఆయన్ని, ఆ తర్వాత నన్ను.

ఆ రాత్రి ఆసుపత్రిలోనూ, తర్వాత వారం రోజులూ వచ్చినవాళ్ళందరితోనూ జరిగిన సంభాషణ ఒకటే. “కోడలు చెవుల్లో అవేవో పెట్టుకుని కూర్చుందట.” హాల్లో నలుగురు మగవాళ్ళున్నారు. టీవీ మోతలో వాళ్ళకీ వినబడలేదు. ఆ నలుగుర్నీ ఒక్కరంటే ఒక్కరు “మీకెందుకు వినబడలేదు?” అని అడగలేదు. వాళ్ళు అబద్ధం చెప్పి తప్పించుకున్నారా అంటే అదీ లేదు. వాళ్ళని ఎవరైనా ప్రశ్నించొచ్చన్న ఊహే ఎవరికీ రాలేదు, నాతో సహా. నేనే హెడ్‌ఫోన్లు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. పదకొండేళ్ళు అవి అక్కడే ఉన్నాయి.

నా తప్పేమీ లేదని ఇక్కడ వాదించడం లేదు. ఒక పెద్దావిడ నొప్పితో పిలుస్తుంటే నేను వినలేదు. అది ఈనాటికీ నాకు బాధే. కానీ ఆ బాధలో నా వాటా ఐదింట ఒకటి. మిగతా నాలుగు వాటాలు ఎవరు పంచుకున్నారు?

అందుకే “ఆడవాళ్ళు వినరండీ” అన్న మాట నాకు అభిరుచి గురించిన మాటలా వినబడదు. కాళ్ళు కట్టేసి “వీళ్ళు పరిగెత్తరండీ” అన్నట్టు వినబడుతుంది. మన భాషలోనే చూడండి. రసికుడు అంటే కళ తెలిసినవాడు, గౌరవించదగినవాడు. ఒక స్త్రీని రసికురాలు అని చూడండి, వినేవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. శాస్త్రం తెలిసిన మగవాడు విద్వాంసుడు. ఏమీ పాడకుండా, వాయించకుండా, కేవలం బాగా వినడం తెలిసిన స్త్రీకి మర్యాదైన పేరు ఏముంది? పేరు లేకపోవడం ఊరికే జరగలేదు. ఆ మనిషి ఉండాలని ఎవరూ అనుకోలేదు కాబట్టి మాట పుట్టలేదు.

సరే, ఆ గోడమీది రికార్డుల్లోకే వెళ్దాం. ఆయన దేవుళ్ళలా చూసుకునే ఆ ఆల్బంలలో స్త్రీలు లేరా? ఉన్నారు. ఎక్కడున్నారో చూడాలి.

1973 జనవరిలో ఒక ఆదివారం. లండన్ ఆబీ రోడ్ స్టూడియోకి క్లేర్ టోరీ అనే పాతికేళ్ళ గాయనిని పిలిచారు. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ అనే రచనకి మాటలు లేవు, పాడాల్సిన వరసా లేదు. చావు గురించి అన్నారు, పాడమన్నారు. ఆమె తన గొంతుతో అప్పటికప్పుడు అల్లింది. ఏడుపు, ప్రతిఘటన, లొంగుబాటు అన్నీ మాటల్లేకుండా. ఆదివారం కాబట్టి రెట్టింపు రేటు కట్టి ముప్ఫై పౌన్లు ఇచ్చారు. ఆ ఆల్బం కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. ఆ రచన కర్తగా రిచర్డ్ రైట్ ఒక్కడి పేరే ముప్ఫై ఏళ్ళు ఉంది. 2004లో ఆమె కోర్టుకి వెళ్ళింది. 2005లో కోర్టు బయట రాజీ కుదిరాక రైట్ పక్కన టోరీ పేరు చేరింది. అల్లినదాన్ని సృష్టి అనాలంటే స్త్రీ అయితే కోర్టుకెక్కాలి!

బెట్టీ థాచర్ అని ఒక కవయిత్రి. రెనైసాన్స్ బృందం 1970లలో పాడిన పాటల్లో చాలా వాటికి మాటలు ఆమెవి. బృందంలో ఆమె సభ్యురాలు కాదు. ఇంటి దగ్గర రాసి పోస్టులో పంపేది. డీలియా డెర్బీషైర్ సంగతి ఇంకా అన్యాయం. 1963లో బీబీసీలో ‘డాక్టర్ హూ’ ధారావాహిక సంగీతానికి రాన్ గ్రైనర్ వరస రాస్తే, దాన్ని ఒక్కో శబ్దం టేపు ముక్కలుగా కత్తిరించి అతికించి, ఎలక్ట్రానిక్ సంగీతమంటే ఏమిటో ఒక దేశం మొత్తానికి వినిపించింది ఆమె. తెర మీద ఆమె పేరు పడింది 2013లో. ఆమె చనిపోయింది 2001లో.

ఇలా చెబుతుంటే, ‘చూశారా, స్త్రీలు గొంతు వరకే, మిగతా పక్కపనులే’ అంటారేమో. లిండ్సే కూపర్‌ని వినండి. బసూన్ వాయించేది. హెన్రీ కౌ అనే ప్రయోగవాద బృందంలో 1974లో చేరింది. ఆ బృందం చివరి ఆల్బం ‘వెస్టర్న్ కల్చర్’లో ఒక పక్క దాదాపు అంతా ఆమె రచనే. 1977లో ఆమె, మ్యాగీ నికొల్స్, మరికొందరు కలిసి ఫెమినిస్ట్ ఇంప్రొవైజింగ్ గ్రూప్ పెట్టారు. వాళ్ళు వేదిక మీదికి వాద్యాలతోపాటు చీపుర్లు, వంటింటి సామాన్లు తీసుకొచ్చారు. ఇంట్లో మనం రోజూ చేసే చప్పుడునే కచేరీలోకి తెచ్చారు. వాళ్ళకి వాయించడం రాదని కొందరు మగ వాద్యకారులు పెదవి విరిచారు. ఏళ్ళ తరబడి వాద్యం సాధన చేసిన వాళ్ళని! మగవాడు సంప్రదాయాన్ని విరిస్తే ప్రయోగం, స్త్రీ విరిస్తే చేతకానితనం.

కేట్ బుష్ 1985లో ‘హౌండ్స్ ఆఫ్ లవ్’ చేసింది. రెండో పక్క ఏడు పాటలూ కలిపి ఒకే కథ. రాత్రి నడిసముద్రంలో ఒంటరిగా తేలుతూ, నిద్రపోతే మునిగిపోతానని తెలిసి తెల్లారేదాకా మెలకువగా ఉండటానికి పెనుగులాడే స్త్రీ. ఆ ఆల్బంని ఆమె తన కుటుంబం ఉన్న ఇంటి దగ్గరే సొంత స్టూడియో కట్టుకుని, తానే నిర్మాతగా చేసుకుంది. గంటకింతని అద్దె కట్టక్కర్లేదు, ఎవరూ తలుపు తట్టరు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో అడిగిన గది అదే. మన ఇళ్ళలో గది దొరికిన స్త్రీలు ఇప్పుడు కొంతమందైనా ఉన్నారు. ఆ గదిలో ఉన్నప్పుడు పిలిస్తే పలకనక్కర్లేని వీలు ఎంతమందికుంది?

లబ్బీపేట గోడమీద కేట్ బుష్ లేదు. అడిగితే “అది పాప్ కదండీ” అన్నారు. ఏది లోపల, ఏది బయట అని గీత గీసేదీ ఆయనే, ఆ గీతకి లోపల స్త్రీలు లేరని తేల్చేదీ ఆయనే.

ఇప్పటిదాకా మగవాళ్ళతో తగాదా. ఇక మనలో మనం మాట్లాడుకోవాలి.

ఒక సమావేశంలో ఈ సంగతులు చెబితే ఒక మిత్రురాలు అడిగింది. “కాలవలకి నీళ్ళు రాక, కౌలు కట్టలేక, కూలి గిట్టక డెల్టాలో ఆడవాళ్ళు చస్తుంటే నీకు పింక్ ఫ్లాయిడ్ కావాలా? వినాలనుంటే నాట్లు వేసేవాళ్ళ పాటలు విను. అవి మనవి.” ఆ ప్రశ్నని తేలిగ్గా తీసిపారెయ్యలేను. అందులో ఉన్న కోపం న్యాయమైంది. కానీ రెండు మాటలు చెప్పాలి.

మొదటిది, ‘మనవి’ అన్న మాట. మా కృష్ణా జిల్లా మువ్వలో పుట్టిన క్షేత్రయ్య పదాలు చాలామటుకు త్రిపుటలో నడుస్తాయి. అదీ ఏడే. ఆ పదాలని తరాల తరబడి గొంతులో, అభినయంలో దాచి మనదాకా తెచ్చింది కలావంతుల స్త్రీలు. వాళ్ళ కళకి మనం ఏం చేశాం? 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చాక అంకిత దురాచారంతోపాటు వాళ్ళ ఆటా పాటా వేదికా కూడా పోయాయి. పదాలు మాత్రం పెద్దమనుషుల కచేరీల్లో మర్యాదస్తుల సొత్తయ్యాయి. మువ్వకి పక్కనే కూచిపూడి. అక్కడ తరతరాలు సత్యభామ వేషం మగవాళ్ళదే, స్త్రీకి వేదిక లేదు. మరి ‘మన’ సంగీతం, ‘మన’ నాట్యం అన్నప్పుడు ఆ ‘మన’లో నేనెప్పుడున్నాను? సంప్రదాయంలో నాకు చోటివ్వనివాళ్ళే పరాయి సంగీతం వింటున్నానని తప్పుపడితే ఎలా? ఇక ప్రయోగమంటారా, అది ఈ నేలకి కొత్త కాదు. విజయవాడ రేడియోలో పనిచేసి, ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ అయిన బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో మహతి రాగం చేశాడు. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి, జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’లో ప్రపంచం తిరిగాడు. ఆ ఇద్దరినీ మొదట ప్రశ్నించినవాళ్ళున్నారు, తర్వాత నెత్తిన పెట్టుకున్నాం. డెల్టాలో ఏ ఆడపిల్ల చేతికి ఎలక్ట్రిక్ వాద్యం ఇచ్చి, చెడగొట్టుకో, ఏం చేస్తావో చూద్దాం అన్నాం?

రెండోది, నాట్ల పాట. అది గొప్పదే. కానీ అది వంగిన నడుముతో పాడే పాట. చెయ్యి ఆగకూడదు కాబట్టి పాటా ఆగకూడదు. పని తాళం, పాట తాళం ఒకటే. ఆ పాటని మనం ఫ్యాను కింద కూర్చుని రికార్డు చేసుకుని, శ్రామిక స్త్రీ సంగీతమంటే ఇదీ అని మురిసిపోతే, ఆమె సంగీతాన్ని ఆమె కూలికి కట్టేసినట్టే. నాటు వేసే మనిషికి పాడుతూ పనిచేసే హక్కే కాదు, పని లేకుండా కూర్చుని వినే హక్కు కూడా కావాలి. ఏం వినాలన్నది ఆమె ఇష్టం.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పకపోతే ఇదంతా దొంగ మాట అవుతుంది. 2009లో అటక మీంచి హెడ్‌ఫోన్లు దింపాను. నాకు రోజుకి నలభై మూడు నిమిషాలు ఎలా వచ్చాయి? మా ఆయన మారడం వల్ల కాదు. కృష్ణలంక నుంచి ఒకామె వచ్చి మా ఇంట్లో అంట్లు తోమి, బట్టలుతకడం వల్ల. నా తీరిక ఆమె చేతుల్లోంచి వచ్చింది. ఆమె దళిత స్త్రీ. నాలుగిళ్ళలో పని ముగించుకుని వెళ్ళి తన ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక రోజు “ఏం ఇంటన్నారమ్మా అంత శ్రద్ధగా?” అని అడిగింది. హెడ్‌ఫోన్లు ఆమెకిచ్చాను. తడిచేతులు కొంగుకి తుడుచుకుని పెట్టుకుంది. ‘ది గ్రేట్ గిగ్’ నడుస్తోంది. గుమ్మానికి ఆనుకుని నిలబడి నాలుగైదు నిమిషాలు విన్నది. కళ్ళు తుడుచుకుందో, చెమటే తుడుచుకుందో నాకు తెలియదు. తీసి నా చేతికిస్తూ, “బాగుందమ్మా. కానీ ఇయ్యి పెట్టుకుంటే ఎవరన్నా పిలిస్తే ఇనపడదు గదా!” అంది.

ఆమెని పిలిచేది ఎవరు? మేమే. నేనూ ఆ పిలిచేవాళ్ళలో ఒకదాన్ని. ఆ రోజు నుంచి ఇంట్లో పని పంచుకోవడం గురించి మా ఆయనతో మొదలైన గొడవ ఇంకా సాగుతూనే ఉంది. సగం అంట్లు ఆయన తోముతున్నారు, కూలి తగ్గించకుండా ఆమె పని గంటలు తగ్గాయి. ఇది విప్లవమని నేననడం లేదు. ఒక స్త్రీ తీరికని ఇంకో స్త్రీ వీపు మీంచి తీసుకుంటూ దానికి విముక్తి అని పేరు పెట్టుకోకూడదని మాత్రం అంటున్నాను. తీరిక మగవాళ్ళ దగ్గర పేరుకుని ఉంది. అక్కణ్ణించి తీసుకోవాలి.

ఇప్పుడు కేసెట్లు లేవు. ఫోనులో ప్రపంచంలోని సంగీతమంతా ఉంది, విజయవాడ ఆడపిల్లల చెవుల్లో ఇయర్‌ఫోన్లూ ఉన్నాయి. ఇక సమస్యేమిటని అడగొచ్చు. బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం బస్సు కోసం నిలబడ్డ అమ్మాయిల్ని చూడండి. చాలామంది ఒక్క చెవిలోనే పెట్టుకుంటారు. రెండోది కిందికి వేలాడుతుంటుంది. ఎందుకని మా అమ్మాయిని అడిగాను. “వెనకాల ఎవరొస్తున్నారో వినబడాలి కదమ్మా” అంది. ఇంట్లో పాలు పొంగే చప్పుడు కోసం అట్టిపెట్టిన చెవి వీధిలో అడుగుల చప్పుడు కోసం ఖాళీగా ఉంది. ‘ఆన్ ది రన్’లో ఆ పరిగెత్తే అడుగులు ఒక చెవిలోంచి రెండో చెవిలోకి వెళ్తాయని చెప్పాను కదా. మా అమ్మాయికి అవి సగంలోనే ఆగిపోతాయి.

మా అత్తగారి మాటతో ముగిస్తాను. ఆవిడ బందరు కాలవ పక్కన ఒక పల్లెలో పెరిగారు. చెయ్యి నయమయ్యాక, ఊళ్ళోవాళ్ళంతా నన్ను అనాల్సినవి అనేశాక, ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి కూర్చోబెట్టారు. “అమ్మాయ్, మా ఊళ్ళో శ్రీరామనవమికి పందిట్లో కచేరీలు పెట్టేవాళ్ళు. మగవాళ్ళు ముందు చాపల మీద, మేం వెనకాల. నా జన్మలో ఒక్క కచేరీ మంగళం దాకా వినలేదు. రాగం అందుకునేసరికి మా అమ్మ నా భుజం తట్టేది, పద, వంట చెయ్యాలి, వీళ్ళు ఆకలిగా వస్తారు అని. పాట చివరికి ఎలా ముగుస్తుందో నేనెప్పుడూ ఊహించుకోవడమే.” కాసేపు ఆగి, “నువ్వు వింటున్నది ముగిసిందా ఆ రోజు?” అని అడిగారు.

ముగిసిందన్నాను.

“పోన్లే” అన్నారు.

లబ్బీపేట పెద్దమనిషీ, మీకు నా జవాబు ఇదీ. ఈసారి మీరు రికార్డు పెట్టినప్పుడు మీ ఆవిణ్ణి కూర్చోమనండి. కాఫీ మీరు పెట్టండి. గేటు మీరు తీయండి. ఫోను మీరెత్తండి. రెండు పక్కలూ అయిపోయేదాకా ఆమెను ఎవరూ పిలవకుండా చూడండి. ఒక్క రోజు కాదు, ఒక ఏడాది. ఆ తర్వాత కూడా ఆమెకి ఆ సంగీతం నచ్చకపోవచ్చు. అది ఆమె అభిరుచి, దాన్ని గౌరవిద్దాం. కానీ ఆమె రెండు చెవులూ ఆమెకి తిరిగి ఇవ్వకముందు, ఆమెకి ఆసక్తి లేదని మాత్రం మీరు చెప్పకండి.